ఈ20 పెట్రోలూ, నా టీఏ బిల్లూ

మా కంపెనీ నాకు టీఏ, అంటే ప్రయాణ ఖర్చుల కింద, కిలోమీటరుకు మూడు రూపాయల పాతిక పైసలు ఇస్తుంది. పెట్రోలు, ఇంజిన్ ఆయిలు, టైర్లు, పంక్చర్లు, వానాకాలంలో అరిగిపోయే బ్రేక్ షూలు, అన్నీ అందులోనే సర్దుకోవాలి. విత్తనాలు, పురుగుమందులు అమ్మే కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగం నాది. ఉండేది శ్రీకాకుళంలో. తిరిగేది ఆమదాలవలస, సరుబుజ్జిలి, హిరమండలం, పాతపట్నం. మొక్కజొన్న సీజన్‌లో లావేరు, రణస్థలం కూడా. నెలకు పదిహేను వందల కిలోమీటర్లు తేలిగ్గా అవుతాయి. బండి 2016లో కొన్నది, 125 సీసీ, కార్బురేటర్ మోడల్.

ఈ ఉద్యోగంలో ఒక అలవాటు తప్పనిసరిగా అబ్బుతుంది. పొద్దున రీడింగ్, సాయంత్రం రీడింగ్, బంకు బిల్లు, అన్నీ రాసి పంపాలి. అందుకే ‘ఇథనాల్ ఎక్కువ కలిపిన ఈ20 పెట్రోలు వచ్చాక మైలేజీ పడిపోయింది’ అని టీ కొట్టు దగ్గర అందరూ అంటుంటే నేను డైరీ తీసి మాట్లాడగలను. నిజమే, పడిపోయింది. కానీ వాళ్లు చెప్పేంత కాదు. పెట్రోలు ధర పెరిగితే హెడ్డాఫీసుకు మెయిల్ పెట్టి, రేటు సవరించమని అడగొచ్చు. ధర ఉన్నచోటే ఉండి మైలేజీ తగ్గితే మెయిల్‌కి ఏ కాగితం జత చేయాలి? నా టెన్షన్ అంతా అదే.

బంకు పెట్రోల్లో ఇథనాల్, అంటే చెరుకు, ధాన్యాల నుంచి తీసే ఆల్కహాల్, నిన్నమొన్న వచ్చిందనుకుంటారు చాలామంది. మన దేశంలో కలపడం 2003లోనే మొదలైంది, అప్పుడు ఐదు శాతం, అదీ కొన్ని రాష్ట్రాల్లో. చాలా ఏళ్లు అది కాగితాల మీదే ఎక్కువగా నడిచింది. 2018లో జీవ ఇంధన విధానం వచ్చాక ఊపందుకుంది. 2022 జూన్‌కి దేశమంతా సగటున పది శాతానికి చేరారు. 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ఈ20ని, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలును, ప్రధాని ప్రారంభించారు, 11 రాష్ట్రాల్లో 84 బంకులతో. మొదట 2030 అనుకున్న ఇరవై శాతం గడువును ముందుకు జరిపారు, 2025లోనే అక్కడికి వచ్చేశారు. అంటే మనం పది శాతానికి అలవాటు పడేలోపే ఇరవై శాతం అయిపోయింది. ఎవరూ అడగలేదు, బంకులో పక్కన ఇంకో పైపూ పెట్టలేదు.

ఇప్పుడు మైలేజీ లెక్క. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. లీటరు పెట్రోలును మండిస్తే సుమారు 32 మెగాజౌళ్ల వేడి వస్తుంది. లీటరు ఇథనాల్‌కి 21. మూడో వంతు తక్కువ. ఈ లెక్కన పది శాతం కలిపిన పెట్రోల్లో లీటరుకు 31కి కొంచెం దిగువ, ఇరవై శాతం కలిపినదాంట్లో 30కి కొంచెం దిగువ. ఈ10 నుంచి ఈ20కి మారితే పోయేది మూడున్నర శాతం. అసలు ఇథనాల్ లేని పెట్రోలుతో పోల్చుకుంటే ఏడు శాతం.

నా డైరీ కూడా దాదాపు ఇదే చెబుతోంది. ఈ10 రోజుల్లో నా బండి లీటరుకు 55 ఇచ్చేది. ఇప్పుడు 53. బంకు రేటు మన దగ్గర 2025లో నూట పది రూపాయల చుట్టూ తిరిగింది కాబట్టి లెక్క సులువుగా ఉండటానికి 110 అనుకుందాం. అప్పుడు కిలోమీటరుకు రెండు రూపాయలు. ఇప్పుడు రెండు రూపాయల ఏడు పైసల పైన. నెలకు పదిహేను వందల కిలోమీటర్లకు నూట పది, నూట పదిహేను రూపాయలు అదనం. మా తోడల్లుడి కారు లీటరుకు 16 ఇచ్చేది. అదే మూడున్నర శాతం తగ్గితే కిలోమీటరుకు పాతిక పైసలు, నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే రెండు వందల యాభై. ఇల్లు గుల్లయ్యే డబ్బు కాదు. అలాగని వదిలేసే డబ్బూ కాదు, ఎందుకంటే ఇది ప్రతి నెలా పోతుంది, ఏ బిల్లులోనూ కనిపించదు.

నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన రోడ్‌మ్యాప్‌లో కూడా ఈ తగ్గుదల ఒప్పుకున్నారు. ఇథనాల్ లేని పెట్రోలు కోసం తయారై, ఈ10కి సర్దిన కార్లలో ఈ20 వాడితే ఆరు, ఏడు శాతం. అలాంటి టూవీలర్లలో మూడు, నాలుగు శాతం. ఈ10 కోసం తయారై ఈ20కి ట్యూన్ చేసిన కార్లలో ఒకటి, రెండు శాతం. కొత్త బండ్లలో తగ్గుదల తక్కువ ఎందుకంటే, వాటి ఇంజిన్ ట్యూనింగే ఈ20కి తగ్గట్టు ఉంటుంది. పైగా ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో సైలెన్సర్ దారిలో ఉండే ఆక్సిజన్ సెన్సర్ పొగను చూసి, ఎంత పెట్రోలు చిమ్మాలో ఎప్పటికప్పుడు సరిచేస్తుంది. కార్బురేటర్‌కి ఆ తెలివి లేదు. జెట్ రంధ్రం ఎంత ఉంటే అంతే. ఇథనాల్‌లో ఆక్సిజన్ దానితోపాటే ఉంటుంది కాబట్టి, పాత రంధ్రం గుండా అదే కొలత వచ్చినా గాలి ఎక్కువై, ఇంధనం పలచబడినట్టవుతుంది. పొద్దున్నే చలిలో చోక్ లాగితే తప్ప స్టార్ట్ కాకపోవడం, యాక్సిలరేటర్ ఇచ్చిన క్షణంలో ఒక్క దగ్గు దగ్గడం, ఇవి అందుకే. పాలకొండ రోడ్డులో మా మెకానిక్ ఎయిర్ స్క్రూ కొంచెం సర్దాక ఆ దగ్గు పోయింది.

అందుకే ఎవరైనా ‘యాభై ఇచ్చే బండి నలభైకి పడిపోయింది, అంతా ఇథనాల్ పుణ్యమే’ అంటే నేను నమ్మను. అది ఇరవై శాతం తగ్గుదల. లీటరులో ఐదో వంతు ఇథనాల్ కాకుండా మంచినీళ్లు పోసినా అంతే పోతుంది కదా! వేడిలో పోయేది ఏడు శాతమైతే మిగతా పదమూడు ఎక్కడికి పోయినట్టు? టైరులో గాలి, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్, పట్టేసిన బ్రేకు, హైవే మీద ఎనభై దాటించే చెయ్యి. మా ఆవిడ ఇంకో కారణం కూడా చెప్పింది. “ఏవండీ, మూడు శాతం తగ్గిందని ఇంత గోల చేస్తున్నారు, వెనకాల పాతిక కిలోల శాంపిల్ సంచి కట్టుకుని తిరిగేది మీరే కదా?” ఆవిడది 2021 స్కూటీ, బీఎస్6, స్కూలుకీ ఇంటికీ మధ్య తిరగడమే. ఆవిడకి తేడా ఏమీ తెలియలేదట. ఆవిడ మీటరు చూడదు, ముల్లు ఎర్రగీతకు వస్తే రెండు వందలకు కొట్టిస్తుంది. ఆ లెక్కలో ఏ తేడా ఎప్పటికీ తెలియదు.

అసలు బంకులో ఇరవై శాతమే కలుపుతున్నారా, ఇంకా ఎక్కువా అని అనుమానం ఉన్నవాళ్లకు ఒక పరీక్ష ఉంది. పురుగుమందు కలపడానికి మా దగ్గర వంద మిల్లీలీటర్ల గీతల జాడీలు ఉంటాయి. దాంట్లో పది మిల్లీలీటర్ల నీళ్లు పోసి, పైన తొంభై పెట్రోలు పోసి, మూత బిగించి ఊపి, నిలకడగా పెట్టాలి. ఇథనాల్‌కి పెట్రోలు కంటే నీళ్లంటే ఇష్టం. పెట్రోలును వదిలేసి కిందికి దిగి నీళ్లలో కలిసిపోతుంది. పది దగ్గర ఉన్న నీళ్ల గీత ఇరవై ఎనిమిదికి కాస్త అటూఇటూగా వస్తే పెట్రోల్లో ఇథనాల్ ఇరవై శాతం ఉన్నట్టు. పెరట్లో, పొయ్యికీ బీడీకీ దూరంగా చేయాలి, ఆ పెట్రోలు మళ్లీ ట్యాంకులో పోయకూడదు. నేను చేసి చూస్తే ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది మధ్య ఆగింది. టీ కొట్టులో చెప్తే ఒకాయన కొట్టిపారేశాడు: “నీ జాడీ తప్పు బావూ.”

ఇదే గుణం వానాకాలంలో ఇబ్బంది పెడుతుంది. ఒకసారి తుఫాను వానలు వెలిశాక ఒక బంకులో ట్యాంకు నింపించి కిలోమీటరు వెళ్లేసరికి బండి ఆగిపోయింది. మెకానిక్ కార్బురేటర్ కింద బోల్టు విప్పి ఖాళీ సీసాలోకి వదిలితే, సీసాలో పైన పచ్చటి పెట్రోలు, అడుగున తెల్లటి పొర, మధ్యలో గీత గీసినట్టు తేటగా కనిపించింది. పాత పెట్రోల్లో భూగర్భ ట్యాంకులోకి కాస్త నీరు చేరితే ఆ నీరు మాత్రమే అడుగున ఉండేది. ఇథనాల్ పెట్రోలు కొద్దిపాటి తేమను తనలో కలిపేసుకుంటుంది, అది నిజానికి మంచిదే. కానీ ఆ పరిమితి దాటిన క్షణంలో నీరు ఒక్కటే కాదు, ఇథనాల్ కూడా దాంతోపాటు కిందికి దిగిపోతుంది. అడుగు పొర ఒక్కసారిగా పెద్దదవుతుంది. బంకు పైపు పీల్చేది కూడా అడుగు నుంచే. బంకు వాళ్లు రోజూ కడ్డీకి పేస్టు రాసి ట్యాంకులో ముంచి నీరుందో లేదో చూడాలి. పెద్ద వానల తర్వాత ఆ కడ్డీ చూపించమని అడిగే హక్కు మనకుంది. డెన్సిటీ చూపించమనొచ్చు, ఐదు లీటర్ల కొలత డబ్బాలో కొట్టి చూపించమనొచ్చు. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల తేడా వరకు ఒప్పుకుంటారు, అంతకు మించి తక్కువైతే ఫిర్యాదు చేయొచ్చు. అడిగితే కుర్రాళ్లు మొహం మాడ్చుకుంటారు, అయినా అడగాలి.

ఇంతవరకు నా జేబు సంగతి. రెండో వైపు కూడా నేను రోజూ చూసేదే, ఎందుకంటే నేను అమ్మేది మొక్కజొన్న విత్తనాలు.

ఇథనాల్ అంటే చెరుకని మనకు గుర్తు. మన జిల్లాల్లో చెరుకు కథ చెప్పుకుంటే బాధ. ఆమదాలవలస ఫ్యాక్టరీ మూతపడి ఎన్నో ఏళ్లు. తెరుస్తామని ఎన్నికలకు ఎన్నికలకూ వింటూనే ఉన్నాం. విజయనగరం జిల్లాలో భీమసింగిదీ ఆగిపోయింది. సంకిలిలోది ఒకటి నడుస్తోంది, దానికి డిస్టిలరీ కూడా ఉంది. అయితే దేశం మొత్తం మీద ఇప్పుడు ఇథనాల్‌లో చెరుకు వాటాను ధాన్యాల వాటా దాటేసింది, అందులో మొక్కజొన్నదే ముందు వరుస. టన్ను మొక్కజొన్న నుంచి సుమారు 380 లీటర్ల ఇథనాల్ వస్తుందని లెక్క. క్వింటాలుకు 38. దాంతో 190 లీటర్ల ఈ20 తయారవుతుంది. నా బండికి అది ఆరేడు నెలల పెట్రోలు. వరి కోసిన మడిలో దున్నకుండా మొక్కజొన్న పెట్టి, కత్తెర పురుగును తట్టుకుని, ఎకరాకు ముప్పై క్వింటాళ్లు తీసిన రైతు నాలాంటి వాళ్లు పదిహేను మందికి ఏడాదిపాటు సరిపడే ఇథనాల్ పండించినట్టు.

హిరమండలం దగ్గర ఒక పెద్దాయన ఉన్నాడు, నాకు పాత కస్టమరు, వరసకు మావ అంటాను. నేను మైలేజీ గురించి గొణుగుతుంటే నవ్వాడు. “ఏటి బావూ, మా మొక్కజొన్న నీ బండిలో పోత్తే నీకేటి నొప్పి? నిన్నటిదాకా కోళ్లకే ఏసినారు, ఇప్పుడు బళ్లకీ ఏత్తన్నారు. మాకు కొనీవోడు ఒకడు పెరిగినాడు కదేటి.”

“రేటు పెరిగిందా మావా?”

“అదే సెప్పు మరి. పేపర్ల ఒకటుంటాది, లారీ కాడ ఒకటుంటాది.”

2025-26 సీజన్‌కి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయలు. ఆయనకు అంత రాలేదు. ఈ విషయంలో నా మనసు రెండుగా ఉంది, దాచుకోవడం ఎందుకు. నా రోడ్డు ఖర్చు పెంచిన ఇథనాలే నా విత్తనాల ప్యాకెట్ల అమ్మకాన్ని కూడా పెంచింది. మావ దగ్గర మొక్కజొన్న కొనేవాడు పెరిగితే నా టార్గెట్ దాటుతుంది. నెలకు నూట పదిహేను రూపాయలు ఆయన జేబులోకే పోతున్నాయని తెలిస్తే నేను నోరెత్తను. అవి ఎవరి జేబులోకి పోతున్నాయో తేలకపోవడమే నా అభ్యంతరం.

ఎందుకంటే ధర లెక్క ఇలా ఉంది. 2021లో రోడ్‌మ్యాప్ రాసినప్పుడు ఇథనాల్ పెట్రోలు కంటే చవక. అప్పుడు నీతి ఆయోగ్ చెప్పింది ఏమిటంటే, వేడి తక్కువ కాబట్టి కలిపిన పెట్రోలును మామూలు పెట్రోలు కంటే తక్కువ ధరకు అమ్మాలని. న్యాయమైన మాట. తర్వాత ఇథనాల్ కొనుగోలు ధరలు పెంచుకుంటూ వచ్చారు. 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖ ఇచ్చిన వివరణ ప్రకారం ఇథనాల్ సగటు ధర రవాణా, జీఎస్టీ కలిపి లీటరుకు 71 రూపాయల 32 పైసలు. రిఫైనరీ నుంచి బయటికొచ్చే పెట్రోలుకు పన్నులు వేయకముందు పడే ఖర్చు కంటే ఇది ఎక్కువని వాళ్లే చెప్పారు. కాబట్టి తగ్గించడానికి ఏమీ లేదని వాదన. సరే, కంపెనీలకు మిగలడం లేదనుకుందాం. కానీ మనం బంకులో కట్టేది 71 కాదు, 110. మధ్యలో ఉన్నది ఎక్కువగా పన్నే. ఆంధ్రలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు నాలుగు రూపాయల అదనపు వ్యాట్, ఇంకో రూపాయి రోడ్డు సెస్. కేంద్రం ఎక్సైజు వేరే.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఈ10 నుంచి ఈ20కి మారినా కిలోమీటరు ఖర్చు మారకుండా ఉండాలంటే లీటరు ధర ఎంత తగ్గాలి? 110లో మూడున్నర శాతం. అంటే నాలుగు రూపాయలకు కాస్త తక్కువ. రాష్ట్రం వేసే ఆ అదనపు వ్యాట్ కూడా సరిగ్గా నాలుగు రూపాయలే. ఎవరైనా మంత్రిగారు చదివితే ఆలోచించమని మనవి.

బ్రెజిల్ వాళ్లను చూసి నేర్చుకోమంటారు కదా, నేర్చుకుందాం. అక్కడ 1975 నుంచీ చెరుకు ఇథనాల్ మీద ప్రభుత్వం పనిచేస్తోంది. 2003 నుంచి రెండూ పోసుకోగలిగే ఫ్లెక్స్ కార్లు వచ్చాయి. బంకులో రెండు పైపులుంటాయి, ఒకదాంట్లో ఇథనాల్ కలిసిన పెట్రోలు, ఇంకోదాంట్లో అచ్చంగా ఇథనాల్. అక్కడి డ్రైవర్ల లెక్క ఒక్కటే: ఇథనాల్ ధర పెట్రోలు ధరలో 70 శాతం లోపుంటే ఇథనాల్ కొట్టించు, దాటితే పెట్రోలు. బోర్డు చూసి మనసులో గుణించుకోవడమే. కలిపిన పెట్రోల్లో ఇథనాల్ వాటాను 2025 ఆగస్టులో 27 నుంచి 30 శాతానికి పెంచినా అక్కడ పెద్దగా గొడవ లేకపోవడానికి ఆ రెండో పైపు కూడా ఒక కారణమని నా అనుమానం. మన దగ్గర ఇథనాల్ లేని పెట్రోలు కూడా అమ్మాలని వేసిన పిల్‌ను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. పెద్ద నగరాల్లో కొన్ని బంకుల్లో ఇథనాల్ లేని, వంద ఆక్టేన్ ఖరీదైన పెట్రోలు ఉంది, 2025లో లీటరు నూట అరవై చుట్టూ ఉండేది. ఏడు శాతం మైలేజీ కోసం నలభై అయిదు శాతం ఎక్కువ కట్టే వాళ్లకు నా డైరీతో పనిలేదు.

ఆక్టేన్ మాట వచ్చింది కాబట్టి చెప్పేస్తాను. ఈ20 ఆక్టేన్ 95, పాతది 91, కాబట్టి ఇది ‘పవర్’ పెట్రోలు అని ఒక ప్రచారం. ఆక్టేన్ ఎక్కువుంటే ఇంజిన్‌లో టకటక కొట్టుకోదు, ఎక్కువ కంప్రెషన్ ఉన్న ఇంజిన్ తయారు చేసుకోవచ్చు. నా 2016 బండి ఇంజిన్ అలా తయారవలేదు. దానికి ఆ నాలుగు ఆక్టేన్లు దండగ.

పాతపట్నం వెళ్లినప్పుడు మాత్రం నాకు ఇథనాల్ దిగులు ఉండదు. అక్కడినుంచి నాలుగైదు కిలోమీటర్లు వెళ్తే పర్లాకిమిడి, ఒడిశా. పెట్రోలు లీటరుకు ఏడెనిమిది రూపాయలు తక్కువ, కలిపే ఇథనాల్ మాత్రం అదే. ఇటు ఇచ్ఛాపురం వాళ్లూ సరిహద్దు దాటే కొట్టించుకుంటారు. సరిహద్దుకు ఇవతల ఉన్న మన బంకుల వాళ్ల ఏడుపు ఎప్పటినుంచో ఉన్నదే. ఇక్కడా కిలోమీటరు లెక్కే చూసుకోవాలి. రానూపోనూ పది కిలోమీటర్లంటే నాకు ఇరవై రూపాయల పెట్రోలు. ట్యాంకులో ఎనిమిది లీటర్లు పట్టే చోటుంటే యాభై, అరవై మిగులుతుంది, ఇరవై పోను ముప్పై, నలభై. రెండు లీటర్లకైతే నష్టం. పని మీద పాతపట్నం వచ్చినవాడికి సరే గానీ, టెక్కలి నుంచి పనిగట్టుకుని వెళ్లేవాళ్లను చూశాను. వాళ్లకు మిగిలేది పర్లాకిమిడిలో తాగిన టీ.

హెడ్డాఫీసుకు చివరికి మెయిల్ పెట్టాను. రెండేళ్ల రీడింగులు, బిల్లులు, 32-21 లెక్క, నీతి ఆయోగ్ చెప్పిన శాతాలు అన్నీ ఒక పేజీలో. అడిగింది కిలోమీటరుకు పది పైసలు. మా ఏరియా మేనేజరు ఫోన్ చేసి, “మీరు చెప్పింది కరెక్టే అండీ, కానీ పాలసీలో పెట్రోలు రేటుకే లింకు ఉంది, మైలేజీకి లేదు” అన్నారు. ఆ లింకు పెట్టిన రోజుల్లో లీటరంటే లీటరే. ఇప్పుడు లీటరు లోపల సరుకు మారింది. డెలివరీ కుర్రాళ్లు, కొరియర్ వాళ్లు, మార్కెటింగ్ వాళ్లు, కిలోమీటరు రేటు మీద బతికే అందరి పాలసీలూ ఇలాగే ఉన్నాయి. సొంత పనికి తిరిగేవాడు రెండు ట్రిప్పులు తగ్గించుకోగలడు. రేటు మీద తిరిగేవాడు ఎన్ని ఎక్కువ కిలోమీటర్లు తిరిగితే అంత ఎక్కువ పోగొట్టుకుంటాడు.

పాత బండ్ల ఆరోగ్యం గురించి చాలామంది అడుగుతున్నారు. నాకు తెలిసినంతలో భయపడాల్సినవి మూడే: రబ్బరు, మురికి, నిలవ. పాత రకం రబ్బరు పైపులు, ఓ-రింగులు ఇథనాల్‌కి ఉబ్బి, తర్వాత పగుళ్లిస్తాయి. నా బండి పెట్రోలు పైపు చివర వేలితో నొక్కితే జిగురుగా తగిలింది, మార్పించేశాను, వంద రూపాయల పని. అది కారి ఇంజిన్ మీద పడితే వంద రూపాయలతో పోదు. ఇథనాల్ ట్యాంకు అడుగున ఏళ్లుగా పేరుకున్న మడ్డిని కరిగించి తెస్తుంది, కాబట్టి ఫిల్టరు మొదట్లో ఒకటి రెండుసార్లు తొందరగా మూసుకుపోతుంది. దాన్ని చూసి ఇంజిన్ పోయిందని విప్పించి బోరు పని చేయించనక్కర్లేదు.

నిలవ సంగతి ఉద్దానం వాళ్లకు ముఖ్యం. అక్కడ చాలా ఇళ్లలో మగవాళ్లు పారాదీప్‌కో, గల్ఫ్‌కో పోతారు, బండి వరండాలో నెలల తరబడి గోనెపట్టా కింద ఉంటుంది. సగం ఖాళీ ట్యాంకులోకి సముద్రపు గాలి తేమ చేరుతూనే ఉంటుంది, ఇథనాల్ దాన్ని పీల్చుకుంటుంది. పండక్కి వచ్చి కిక్కు కొడితే ప్రాణం ఉండదు. వెళ్లేముందు పెట్రోలు పూర్తిగా తీయించి, కార్బురేటర్ బౌల్ ఖాళీ చేయించాలి. అది కుదరకపోతే ట్యాంకు అంచువరకు నింపి, గాలికి చోటు లేకుండా చేసి, ఇంట్లో ఎవరైనా వారానికోసారి కాసేపు తిప్పేలా చూడాలి.

విజయనగరంలో ఉండే మా మేనల్లుడు మొన్న ఫోన్ చేశాడు. చీపురుపల్లిలో ఉద్యోగం వచ్చింది, రోజూ బండి మీద వెళ్లిరావాలి. రెండు సెకండ్ హ్యాండ్ బండ్లు చూశాడు. ఒకటి 2018ది, నలభై అయిదు వేలు. ఇంకోటి 2023 ఆఖర్లో కొన్నది, డెబ్బై వేలు. “మావయ్యా, ఈ20కి పనికొస్తుందని రెండోదానికి ఇంత ఎక్కువ చెప్తున్నాడు, తీసుకోనా?” అని. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లలో పైపులు, సీళ్లు ఈ20కి తట్టుకునేవి వేశారు, 2025 ఏప్రిల్ నుంచి ఇంజిన్ ట్యూనింగ్ కూడా దానికే. ఆ మాట వరకు అమ్మేవాడు అబద్ధం చెప్పలేదు. కానీ రెండు బండ్ల మధ్య ఇథనాల్ వల్ల వచ్చే మైలేజీ తేడా మహా అయితే రెండు, రెండున్నర శాతం, కిలోమీటరుకు ఐదు పైసలు. పాతిక వేల తేడా ఆ ఐదు పైసల్లో రాబట్టుకోవాలంటే ఐదు లక్షల కిలోమీటర్లు తిరగాలి. ఈలోపు వాడికే రిటైర్‌మెంట్ వచ్చేస్తుంది. ఇంజిన్ శబ్దం, చైన్ స్ప్రాకెట్, ఫోర్కులు, టైర్లు చూసి బేరం చేయమన్నాను, ఈ20 మాట పక్కన పెట్టి. 2018దే తీసుకున్నాడు, నలభై రెండుకి దిగింది. మిగిలిన డబ్బులో ఏడు వందలు పెట్టి పెట్రోలు పైపు, ఫిల్టరు, కార్బురేటర్ గాస్కెట్ మార్పించి, ఆ బిల్లు ఫొటో నాకు వాట్సాప్ చేశాడు.